రంగు తెలిశాకే తెలుపు

తిరుపతి, చిత్తూరు ప్రాంతంలో పళ్ళను 'పండ్లు' అనే అంటారు. పొద్దున లేచి తోముకునేవీ పండ్లే, వేసవిలో చెట్టు మీద మాగేవీ పండ్లే. ఏవి ఏవో సందర్భం చెబుతుంది. చెట్టు మీది పండు పసుపు తిరిగితే సంతోషించే మనిషే నోట్లో పన్ను పసుపు తిరిగితే పెదవులు బిగించి నవ్వుతాడు. ఆ రెండో పసుపును పోగొడతామనే బోర్డులు ఇప్పుడు తిరుపతిలోనే కాదు, చిత్తూరు, మదనపల్లె లాంటి ఊళ్ళలోని పళ్ళ ఆసుపత్రుల ముందు కూడా కనిపిస్తున్నాయి. పెళ్ళి ముహూర్తాలు దగ్గరపడినా, ఉద్యోగాల ఇంటర్వ్యూలు మొదలైనా చూపు వాటి మీదికి మళ్ళుతుంది. ఇది అవసరమా, ఆడంబరమా? పంటికి మేలా, కీడా? పెట్టిన డబ్బుకు ఫలితం దక్కుతుందా? ఈ ప్రశ్నలకు వైద్య పరిశోధన ఇచ్చిన జవాబులను ఈ నేల నీటితోనూ, ఇక్కడి అలవాట్లతోనూ కలిపి చూస్తే ఒక సంగతి తేలుతుంది. దంతవైద్యుడి చేత పళ్ళు తెల్లబరిపించుకోవడంలో మేలు ఉంది. అయితే ఆ మేలులో పెద్ద పాలు తెల్లబరిచే మందుది కాదు. మందు పెట్టే ముందు ఆ పన్ను ఎందుకు రంగు మారిందో చూసే కంటిది.

ముందుగా పంటి సహజమైన రంగేమిటో తేల్చుకోవాలి. పంటి పైపొర అయిన ఎనామిల్ కాంతిని కొంతవరకు లోపలికి పోనిస్తుంది. దాని కిందనుండే డెంటీన్ లేత పసుపు. మనకు కనిపించే రంగు ఈ రెండూ కలిసి ఇచ్చేది. వయసు పెరిగేకొద్దీ ఎనామిల్ అరిగి పలచబడుతుంది, లోపల డెంటీన్ మందమవుతుంది. అందుకే అరవై ఏళ్ళ మనిషి ఎంత శుభ్రంగా తోముకున్నా ఇరవై ఏళ్ళనాటి రంగు నిలవదు. పాలపళ్ళు రాలి కొత్తవి వస్తున్నప్పుడు 'పిల్లవాడి పండ్లు పచ్చగా వస్తున్నాయే' అని తల్లులు కంగారు పడతారు. శాశ్వత దంతాలు పాలపళ్ళకంటే సహజంగానే కాస్త పసుపు. దంతవైద్యులు రంగు పోల్చి చూడటానికి వాడే వీటా క్లాసికల్ షేడ్ గైడ్‌లో 16 ఛాయలుంటాయి. వాటిలో ఒక్కటీ కాగితపు తెలుపు కాదు. మన కవులు పలువరుసను ముత్యాలతో, మొల్లమొగ్గలతో, దానిమ్మగింజలతో పోల్చారు గానీ సున్నం కొట్టిన గోడతో పోల్చలేదు. కాబట్టి పన్ను లేత పసుపుగా ఉండటం రోగం కాదు. ఉన్న రంగు మారిపోవడం, వరసలో ఒక్క పన్ను నల్లబడటం, మచ్చలూ చారలూ పడటం, ఇవీ ఆరా తీయవలసినవి.

పంటికి రంగు పట్టే దారులు రెండు. మొదటిది బయటినుంచి. లాలాజలం వల్ల పంటి మీద ఏర్పడే సన్నని పొరకు కాఫీ, టీలలోని టానిన్లు, బీడీ సిగరెట్ల తారు, వక్క రసం అంటుకుంటాయి. భోజనం కాగానే వక్కాకు వేసుకోవడం రాయలసీమలో పాత అలవాటు. తాంబూలం లేని శుభకార్యం ఉండదు. ఆకు, వక్క, సున్నం కలిసి నోరు పండితే ఆ పూటకు అందమే. ఆ పండటం ఏళ్ళ తరబడి సాగితే పళ్ళ మీద ముదురు గోధుమ చారలు మిగులుతాయి. తోమకుండా వదిలిన పాచి గట్టిపడి గార కడుతుంది. గారకు రంగు మరీ తొందరగా పడుతుంది. ఈ రకం రంగు తీయడానికి తెల్లబరిచే మందు అక్కరలేదు. గార తీసి, పళ్ళు పాలిష్ చేస్తే చాలావరకు వదిలిపోతుంది. గార ఉండగా మందు పెడితే అది పంటికి సరిగా అందనే అందదు. ఇంతకంటే ముఖ్యమైన సంగతి మరొకటుంది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో, పొగాకు కలపకపోయినా సరే, వక్కను క్యాన్సర్ కారకాల జాబితాలో చేర్చింది. వక్క నమిలేవారిలో బుగ్గల లోపలి చర్మం గట్టిపడి నోరు తెరుచుకోకుండా బిగుసుకుపోవడం, తెల్లని మచ్చలు పడటం క్యాన్సర్‌కు ముందు కనిపించే గుర్తులు. పళ్ళు తెల్లబడాలని వచ్చిన మనిషి నోట్లో ఆ మచ్చ డాక్టరు కంటపడితే, తెల్లబరచడం పక్కకు పోయి ప్రాణమే నిలవవచ్చు. బ్యూటీ పార్లర్‌లో కొన్న మందుకు ఆ కన్ను లేదు.

ఇంటి పద్ధతులతోనే సరిపోదా అనేది తరచూ వచ్చే ప్రశ్న. వేపపుల్లను తక్కువ చేయనక్కరలేదు. మెత్తగా నమిలి కుంచెలా చేసుకుని ఓపికగా తోమితే పాచి పోతుంది. చిక్కంతా గరుకు పొడులతోనే. కచ్చిక, బొగ్గు, ఇటుక పొడి, ఉప్పు వేసి రుద్దితే పైరంగు పోయిన మాట నిజమే, దానితోపాటు ఎనామిల్ కూడా పోతుంది. ఎనామిల్ ఒకసారి అరిగితే తిరిగి పెరగదు. అది పలచబడేకొద్దీ కింది డెంటీన్ బయటపడుతుంది. తెలుపు కోసం రుద్దినవాడు పసుపును కొనితెచ్చుకుంటాడు. పాత బొగ్గే ఇప్పుడు నల్ల పేస్టు రూపంలో ఖరీదైన గొట్టాల్లో వస్తోంది. అలాంటి బొగ్గు ఉత్పత్తులు పనిచేస్తాయనడానికీ, భద్రమనడానికీ తగిన ఆధారాలు లేవని 2017లో అమెరికన్ డెంటల్ అసోసియేషన్ పత్రికలో వచ్చిన సమీక్ష తేల్చింది. పొగాకు కలిపిన పళ్ళపొడులనైతే మన ప్రభుత్వమే 1992లో నిషేధించింది. నిమ్మచెక్కతో రుద్దడం ఇంకో చిట్కా. పిహెచ్ సుమారు 5.5 కంటే దిగితే ఎనామిల్ కరగడం మొదలవుతుంది. నిమ్మరసం పిహెచ్ రెండు దరిదాపుల్లో ఉంటుంది. గూడూరు నిమ్మకాయ మజ్జిగలోకి మంచిదే, పంటి మీదికి కాదు. పళ్ళూడగొట్టుకోవడానికి ఏ రాయైతేనేం అని సామెత. ఊడగొట్టుకునేవాడికి ఏదైనా ఒకటేనేమో గానీ, తెల్లబరుచుకునేవాడికి ఏ పొడి, ఎంత గరుకు అన్నదే అసలు లెక్క.

రెండో దారి లోపలినుంచి. ఇక్కడే ఈ ప్రాంతపు కథ మిగతా చోట్లకంటే వేరవుతుంది. తాగే నీటిలో ఫ్లోరైడు ఎక్కువై వచ్చే ఫ్లోరోసిస్ అనే జబ్బు జాడ మన దేశంలో మొదట బయటపడింది పొరుగు జిల్లాలోనే. అప్పటి నెల్లూరు జిల్లాలోని ఫ్లోరోసిస్ మీద షార్ట్ అనే పరిశోధకుడి బృందం రాసిన వ్యాసం 1937లో ఇండియన్ మెడికల్ గెజిట్‌లో వచ్చింది. 2008–09లో కేంద్రం ఫ్లోరోసిస్ నివారణ జాతీయ కార్యక్రమాన్ని మొదలుపెట్టినప్పుడు తొలి ఆరు జిల్లాల్లో నెల్లూరు ఒకటి, తమిళనాడులోని ధర్మపురి మరొకటి. ఒకటి చిత్తూరుకు ఈశాన్య దిక్కున, ఇంకొకటి కుప్పం దాటి దక్షిణాన. ఉమ్మడి చిత్తూరు జిల్లా కూడా కేంద్ర భూగర్భ జల మండలి చెప్పిన ఫ్లోరైడు ప్రభావిత జిల్లాల్లో ఉంది. గట్టి గ్రానైటు రాతి నేల, తక్కువ వాన, ఏటికేడు లోతుకు పోయే బోర్లు: రాతిలోని ఖనిజాలతో నీరు ఎంతకాలం కలిసి ఉంటే అంత ఫ్లోరైడు దానిలో కరుగుతుంది. తాగే నీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలనీ, వేరే నీరు దొరకని చోట 1.5 దాకా సహించవచ్చనీ భారత ప్రమాణాల సంస్థ హద్దు పెట్టింది. చిగుళ్ళ కింద దవడ లోపల ఎనామిల్ తయారవుతున్న ఎనిమిదేళ్ళ లోపు పిల్లలు అంతకు మించిన నీరు తాగితే, పళ్ళు వచ్చేటప్పుడే సున్నపు మచ్చలతో, గోధుమ చారలతో వస్తాయి. ఇది తోమకపోవడం వల్ల వచ్చిన మరక కాదు. ఎంత తోమినా పోదు. ఆ పిల్లలను బడిలో 'పండ్లు తోముకోవా' అని అడగడం వాళ్ళు చేయని తప్పుకు వేసే శిక్ష.

ఇక మందు సంగతి. తెల్లబరచడంలో వాడేది ముఖ్యంగా హైడ్రోజన్ పెరాక్సైడ్, లేదా దాన్ని మెల్లగా విడుదల చేసే కార్బమైడ్ పెరాక్సైడ్. 10 శాతం కార్బమైడ్ పెరాక్సైడ్‌లో సుమారు 3.5 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ ఉంటుంది. అది ఎనామిల్‌ను గీకదు. దాని గుండా లోపలికి దిగి, రంగునిచ్చే పెద్ద అణువులను చిన్న ముక్కలుగా విరగ్గొడుతుంది, దాంతో పన్ను తేలిక రంగుకు మారుతుంది. గరుకు పొడికీ దీనికీ ఉన్న మౌలికమైన తేడా ఇదే. 1989లో హేవుడ్, హేమన్ అనే ఇద్దరు అమెరికా దంతవైద్యులు రాత్రిపూట పళ్ళకు తొడుక్కునే ట్రేలో 10 శాతం కార్బమైడ్ పెరాక్సైడ్ పెట్టే పద్ధతిని శాస్త్రీయంగా ప్రచురించాక ఈ చికిత్స ప్రపంచమంతా వ్యాపించింది. ఇప్పుడు డాక్టరు దగ్గర రెండు మార్గాలున్నాయి. ఒకటి, కుర్చీలో కూర్చోబెట్టి చిగుళ్ళకు రక్షణపొర వేసి 25 నుంచి 40 శాతం గాఢతగల మందు పెట్టడం. గంటలో పని తేలుతుంది. రెండు, పళ్ళ అచ్చు తీసి, సరిగ్గా అతికే ట్రే చేసిచ్చి, తక్కువ గాఢతగల మందును కొన్ని వారాలు ఇంట్లో వాడమనడం. కుర్చీలో చేసే దాంట్లో నీలికాంతి దీపం పెట్టడం ఆకర్షణగా ఉంటుంది గానీ, గాఢమైన మందు వాడినప్పుడు ఆ దీపం అదనంగా తెచ్చే ఫలితం ఏమంతగా లేదని పరిశోధనల సమీక్షలు చెబుతున్నాయి. దీపానికి డబ్బు కట్టేవాళ్ళు ఈ మాట గుర్తుంచుకోవాలి.

ఫలితానికి రుజువు ఎంత గట్టిది? ఇంట్లో చేసుకునే రసాయనిక తెల్లబరచడం మీద 2018లో కాక్రేన్ సంస్థ 71 పరీక్షలను కలిపి సమీక్షించింది. ఉత్త జెల్‌తో పోలిస్తే మందు పెట్టిన పళ్ళు కొద్దికాలంలో తెల్లబడ్డాయి. పళ్ళు జివ్వుమనడం, చిగుళ్ళు మండటం ముఖ్యమైన ఇబ్బందులు, గాఢత పెరిగినచోట అవి ఎక్కువ. అయితే ఆ పరీక్షల్లో చాలావాటి నాణ్యత అంతంతమాత్రమేననీ, దీర్ఘకాలపు సమాచారం చాలదనీ సమీక్షకులు దాచకుండా చెప్పారు. ఈ తీర్పును రెండు వైపులవారూ తప్పుగా చదివే వీలుంది. 'రుజువు బలహీనం, కాబట్టి పనిచేయదు' అనడం పొరపాటు. మందు పనిచేయడం మీద అనుమానం పెద్దగా లేదు. ఎవరికి ఎంత, ఎన్నాళ్ళు అన్నదాని మీదే ఖచ్చితత్వం తక్కువ. 'పరీక్షలన్నీ బాగుందనే అన్నాయి' అని బోర్డు రాయడమూ పొరపాటే. ఖచ్చితత్వం తక్కువైనచోట మనిషి మనిషినీ విడిగా చూసి అంచనా కట్టడమే మిగిలిన దారి. పసుపు వైపు మొగ్గిన రంగు తొందరగా తేలికపడుతుంది, బూడిద రంగు మొండికేస్తుంది. చిన్నతనంలో టెట్రాసైక్లిన్ మందులు వాడినందువల్ల వచ్చిన చారలకు నెలల తరబడి ట్రే పెట్టాల్సిరావచ్చు. సిమెంటు పెట్టిన పళ్ళూ, తొడిగిన క్యాపులూ అసలు మారవు. చుట్టూ పళ్ళు తెల్లబడితే అవే ఎత్తిచూపినట్టు కనబడతాయి. ఇవన్నీ ముందే చెప్పగలిగేది పళ్ళు చూసినవాడే.

తెల్లబరచడం నిజంగా విలువైన చికిత్స అయ్యే సందర్భాలు ఉత్త పసుపుకంటే వేరేచోట ఉన్నాయి. మొదటిది ఫ్లోరైడు మచ్చ. దాని చరిత్రే పంటి రంగుతో మొదలైంది. అమెరికాలోని కొలరాడో స్ప్రింగ్స్‌లో 1901లో దంతవైద్యం మొదలుపెట్టిన ఫ్రెడరిక్ మెకే ఊరి జనం పళ్ళ మీది గోధుమ మరకల వెంటబడ్డాడు. దానికి కారణం నీటిలోని ఫ్లోరైడేనని 1931లో చర్చిల్ అనే రసాయన శాస్త్రవేత్త పట్టుకున్నాడు. అంటే ఒక రంగు ఎందుకు వచ్చిందని మూడు దశాబ్దాలు అడిగినందువల్లే లోకానికి ఆ రోగమూ, నీటి ప్రమాణాలూ తెలిశాయి. ఇవాళ మచ్చలు లేతగా ఉన్నవారికి పలుచని ఆమ్లం, సన్నని పొడి కలిపి పైపొరను అతి కొద్దిగా తీసి, ఆ తరువాత పెరాక్సైడ్ పెడితే గోధుమ చారలు చాలావరకు తగ్గుతాయి. సున్నపు మచ్చలు పోవు గానీ చుట్టూ రంగు తేలికపడి దానిలో కలిసిపోతాయి. పన్ను గుంటలు పడేంత ముదిరితే ఇది చాలదు. రెండోది దెబ్బ తగిలి చచ్చిన ఒంటిపన్ను. బండి మీదనుంచి పడో, ఆటలోనో ముందు పన్ను చితికి నల్లబడితే, వేరు చికిత్స చేసి దాని లోపలే మందు పెట్టి మూసే పద్ధతి 1960ల తొలినాళ్ళనుంచీ ఉంది. ఆ పద్ధతిలో పంటి మెడ దగ్గర వేరు కరిగే ప్రమాదం ఉందని 1979లో తెలిసింది. అప్పటినుంచీ లోపల అడ్డుపొర వేసి, వేడి పెట్టకుండా చేస్తున్నారు. నలుగురిలో నవ్వలేని మనిషికి మంచి పన్నును అరగదీసి క్యాపు తొడగకుండానే నవ్వు తిరిగి రావడం చిన్న మేలు కాదు.

ఇక అభ్యంతరాలు. మొదటిది: మందు ఎనామిల్‌ను తినేయదా? సరైన గాఢతలో, చెప్పినంతకాలం వాడితే ఎనామిల్‌కు శాశ్వతమైన చేటు జరుగుతుందని పరిశోధనలు చెప్పలేదు. చల్లని నీళ్ళు తాగితే జివ్వుమనడం మాత్రం చాలామందికి ఉంటుంది; పెరాక్సైడ్ కొద్ది నిమిషాల్లోనే పంటి గుజ్జుదాకా చేరడం దానికి కారణం. మందు ఆపాక సాధారణంగా కొద్దిరోజుల్లో తగ్గుతుంది. పిప్పి పన్ను ఉన్నా, వేరు బయటపడినా, పన్ను చిట్లి ఉన్నా ఆ జివ్వుమనడమే తట్టుకోలేని నొప్పి అవుతుంది. ప్రమాదం మందులో ఉందనడం కంటే, పళ్ళు చూడకుండా మందు పెట్టడంలో ఉందనడం సరి. యూరప్ చట్టం దీన్నే గుర్తించింది: 2011 నాటి ఆదేశం ప్రకారం 0.1 శాతానికి మించి 6 శాతం దాకా పెరాక్సైడ్ ఉన్న తెల్లబరిచే మందులను దంతవైద్యులకే అమ్మాలి, మొదటిసారి వారి పర్యవేక్షణలోనే వాడాలి, పద్దెనిమిదేళ్ళ లోపువారికి వాడకూడదు. 2024 ఫిబ్రవరిలో హైదరాబాదులో చిరునవ్వు దిద్దించుకోవడానికి వెళ్ళిన యువకుడొకరు చనిపోవడం చాలామందిని భయపెట్టింది. మత్తుమందు ఎక్కువైందని కుటుంబం ఆరోపించింది. తెల్లబరచడానికి మత్తు అక్కరలేదు. ఆ భయాన్నీ ఈ చికిత్సనూ కలపకూడదు గానీ, అందం కోసం చేసే ఏ వైద్యమైనా వైద్యమేనని ఆ విషాదం గుర్తు చేస్తుంది.

రెండో అభ్యంతరం నీతికి సంబంధించినది. ఒంటికి తెల్లక్రీములు పూసినట్టే ఇదీ లేని తెలుపు కోసం వెంపర్లాట కదా? ఈ మాటలో సగం న్యాయం ఉంది. సినిమా తెర మీది పలువరుసను కొలతగా పెట్టుకుని, బాగున్న పళ్ళను పదేపదే తెల్లబరిపించుకునేవారికి మంచి డాక్టరు 'వద్దు' అని చెప్పాలి. కానీ మిగతా సగం అన్యాయం. చర్మం రంగు తరతరాల వారసత్వం. దాన్ని మార్చాలనుకోవడం తనను తాను తిరస్కరించుకోవడమే. ఫ్లోరైడు మచ్చ వారసత్వం కాదు, ఊరి బోరు పెట్టిన గుర్తు. పెళ్ళిచూపుల్లో పిల్ల పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని మాట్లాడితే బిడియమని మురిసిపోతారు. మచ్చల వల్ల కూడా కావచ్చునని ఎవరూ అనుకోరు. నవ్వు నాలుగు విధాల చేటు అని పెద్దలన్నది వేళాకోళపు నవ్వు గురించి. నవ్వలేకపోవడం ఏ విధంగా మేలో వాళ్ళు చెప్పలేదు.

మూడో అభ్యంతరం బలమైనది: నీళ్ళు బాగుచేయకుండా పళ్ళు తెల్లబరచడం ఏమిటి? వేల రూపాయల చికిత్స కూలి చేసుకునేవారికి ఎలా అందుతుంది? నిజమే, అసలైన మందు మంచినీళ్ళే. తిరుపతి నగరానికి కల్యాణి డ్యాం, తెలుగుగంగ నీళ్ళు ఉన్నాయి. పడమటి మండలాల్లో బోరే దిక్కైన పల్లెలకు కృష్ణా జలాలను కుప్పందాకా మోసే హంద్రీ–నీవా లాంటి పథకాలు పళ్ళ పరంగా కూడా వైద్యమే. కాని నీరు మారితే రాబోయే పిల్లలు బాగుపడతారు. ఇప్పటికే మచ్చలు పడిన పెళ్ళీడు అమ్మాయికి అవి పోవు. ఈ రెండూ ఒకదానికొకటి పోటీ కాదు. అంతేకాదు, ఒక ఊరినుంచి ఒకే రకం చారలతో నలుగురు వస్తే ఆ ఊరి నీటిని పరీక్షించమని చెప్పవలసిన మొదటి మనిషి పళ్ళ డాక్టరే. ఖర్చు విషయానికొస్తే, చాలామందికి స్కేలింగ్‌తోనే పని తీరుతుంది. తిరుపతిలోని సి.కె.ఎస్. తేజ లాంటి దంతవైద్య కళాశాలల్లోనూ, ప్రభుత్వాసుపత్రుల పళ్ళ విభాగాల్లోనూ మొదటి పరీక్ష చేయించుకుంటే అవసరమైనదేదో, కానిదేదో తేలుతుంది. మందు తప్పనిసరైతే, దీపాల హంగు లేని 10 శాతం ట్రే పద్ధతి కూడా కాస్త ఓపికతో దాదాపు అదే రంగుకు చేరుస్తుంది.

చివరిది మన్నిక. తెల్లబడిన రంగు శాశ్వతం కాదు. కుర్చీలోంచి లేచినప్పుడు కనిపించే తెలుపులో కొంత పన్ను ఎండిపోయినందువల్ల వచ్చినది. కొద్దిరోజుల్లో అది దిగుతుంది. అందుకే ముందు పళ్ళకు సిమెంటు పెట్టాలన్నా సుమారు రెండు వారాలు ఆగమంటారు. ఆ తరువాత నిలిచేది ఎక్కువగా అలవాట్ల మీద ఆధారపడుతుంది. తిరుమల కొండెక్కే భక్తుడి దగ్గర సిగరెట్లు, గుట్కాలు ఉంటే అలిపిరి తనిఖీలో తీసేస్తారు. కొండ దిగాక మళ్ళీ కొనుక్కునేవాడికి తెలుపు నిలవదు. మన్నికతోపాటు చూడవలసింది చేసే మనిషి అర్హత. పళ్ళు తెల్లబరచడం దంతవైద్యమేనని 2013లో లండన్ హైకోర్టు తేల్చింది. మన దగ్గర నమోదు కానివారు దంతవైద్యం చేయకూడదని 1948 నాటి దంతవైద్యుల చట్టం చెప్పింది. దాని స్థానంలోకి 2023లో పార్లమెంటు జాతీయ దంతవైద్య కమిషన్ చట్టాన్ని తెచ్చింది. పార్లర్‌లో, సంతలో, ఆన్‌లైన్‌లో దొరికే తెల్లబరిచే పట్టీలు పన్ను ఎందుకు రంగు మారిందని అడగవు.

తెలుగులో 'తెలుపు' అనే మాటకు రెండర్థాలున్నాయి: ఒకటి రంగు, ఇంకొకటి తెలియజెప్పడం. పళ్ళు తెల్లబరిచే చికిత్సలో రెండో అర్థం ముందు రావాలి. ఈ పసుపు వయసుదా, గారదా, వక్కాకుదా, బోరునీటిదా, చచ్చిన పంటిదా అని ముందు తెలిపి, ఎంతవరకు పోతుందో, ఎన్నాళ్ళుంటుందో తెలిపి, అక్కరలేకపోతే అక్కరలేదని కూడా తెలిపినవాడి దగ్గరే ఆ మొదటి తెలుపుకు విలువ.